ఇంధన భద్రత – పర్యావరణ వ్యయం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు

ఒక దేశానికి కావలసినంత ఇంధనం, విద్యుత్తు అంతరాయం లేకుండా, భరించగల ధరకు లభించే స్థితిని ఇంధన భద్రత అంటారు. ఆ ఇంధనాన్ని తవ్వి, తరలించి, మండించి, వ్యర్థాలను వదిలించుకునే క్రమంలో గాలికి, నీటికి, నేలకు, జీవనోపాధులకు కలిగే నష్టం పర్యావరణ వ్యయం. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడం ప్రతి దేశపు ఇంధన విధానంలోనూ ప్రధాన సమస్య. ఆంధ్రప్రదేశ్ ఉత్తర కోస్తాలోని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జల, బొగ్గు, అణు, పంప్డ్ స్టోరేజి విద్యుత్ పథకాలు వేర్వేరు కాలాల్లో అమలుకో ప్రతిపాదనకో వచ్చాయి. సోంపేట, కాకరాపల్లి బొగ్గు విద్యుత్ కేంద్రాల వివాదాలు, కొవ్వాడ అణు విద్యుత్ ప్రతిపాదన వీటిలో ముఖ్యమైనవి.

నిర్వచనం, పరిధి

ఇంధన భద్రత అన్న భావన 1973 నాటి చమురు సంక్షోభంతో విధాన చర్చల్లో స్థిరపడింది. ఆ సంక్షోభం ఫలితంగా 1974లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఏర్పడింది. సభ్యదేశాలు 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన చమురును నిల్వ ఉంచుకోవాలన్నది ఆ సంస్థ నియమం. భారతదేశం 2017 నుంచి ఇందులో అనుబంధ దేశంగా ఉంది.

భారతదేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా, వంటగ్యాసులో దాదాపు 60 శాతం దిగుమతుల ద్వారానే వస్తున్నాయి. దిగుమతులు నిలిచిపోయినప్పుడు ఆదుకునేందుకు విశాఖపట్నంలో 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే భూగర్భ నిల్వ కేంద్రాన్ని నిర్మించారు. మంగళూరు, పాదూరు కేంద్రాలతో కలిపి మొదటి దశ నిల్వ సామర్థ్యం 53.3 లక్షల టన్నులు. బొగ్గు విషయంలో పరిస్థితి వేరు. దేశంలో బొగ్గు ఉత్పత్తి 2024-25లో 100 కోట్ల టన్నులు దాటింది. స్వదేశంలో సమృద్ధిగా దొరికే ఇంధనం కనుక భద్రత కోణంలో బొగ్గుకు ప్రాధాన్యం ఉంది. కర్బన ఉద్గారాలు, బూడిద, నీటి వాడకం కోణంలో చూస్తే అత్యధిక వ్యయం కూడా బొగ్గుదే.

ఇంధన భద్రతను జాతీయ, ప్రాంతీయ, గృహ స్థాయుల్లో విడివిడిగా పరిశీలిస్తారు. జాతీయ స్థాయిలో దిగుమతులపై ఆధారపడటం, గ్రిడ్ స్థిరత్వం ముఖ్యం. ప్రాంతీయ స్థాయిలో పరిశ్రమలకు, సాగుకు కోతలు లేని సరఫరా, తుఫానుల తర్వాత దాని పునరుద్ధరణ లెక్కకు వస్తాయి. గృహ స్థాయిలో వంట ఇంధనం, దీపం ప్రధానం.

భౌగోళిక నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా తీరరేఖ పొడవు 193 కిలోమీటర్లు. తీరం వెంట మత్స్యకార గ్రామాలు, ఉప్పు మడులు, సరుగుడు తోటలు, ఉత్తర భాగాన ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఉన్నాయి. పడమట తూర్పు కనుమలు. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా నదులు శ్రీకాకుళం జిల్లాలోనూ, చంపావతి, గోస్తనీ, నాగావళి విజయనగరం ప్రాంతంలోనూ ప్రవహిస్తాయి. విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి పరిసరాల్లో మాంగనీసు ఖనిజం ఉంది. రెండు జిల్లాల్లోనూ బొగ్గు, చమురు, సహజవాయువు నిక్షేపాలు లేవు.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో విజయనగరం జిల్లాలోని పార్వతీపురం, సాలూరు, కురుపాం ప్రాంతాలను, శ్రీకాకుళం జిల్లాలోని పాలకొండ ప్రాంతాన్ని కలిపి పార్వతీపురం మన్యం జిల్లాను ఏర్పరచారు. చారిత్రక దృష్టితో ఈ వ్యాసం ఆ ప్రాంతాన్ని కూడా పరిగణిస్తుంది.

తీరానికి దగ్గరగా ఉన్న పల్లపు చిత్తడి నేలలు ఈ ప్రాంత ప్రత్యేకత. సోంపేట, కంచిలి, కవిటి మండలాల మధ్య ఉన్న చిత్తడిని స్థానికంగా ‘బీల’ అంటారు. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి వద్ద ఉన్న ఇటువంటి నేలలను ‘తంపర’ అంటారు. వానాకాలంలో ఇవి చుట్టుపక్కల వరదనీటిని ఇముడ్చుకుంటాయి. నీరు నిలిచిన కాలంలో చేపల వేటకు, తరువాత సాగునీటికి, పశువుల మేతకు ఉపయోగపడతాయి.

చరిత్ర

జలవిద్యుత్ దశ. ఉత్తరాంధ్రకు పెద్ద ఎత్తున విద్యుత్తు మాచ్‌ఖండ్ పథకంతో వచ్చింది. ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ నదిపై, డుడుమా జలపాతం వద్ద, మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాల ఒప్పందంతో దీన్ని చేపట్టారు. 1955లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. 17 మెగావాట్ల యూనిట్లు మూడు, 23 మెగావాట్ల యూనిట్లు మూడు కలిపి దీని సామర్థ్యం 120 మెగావాట్లు. దీనికి నీరందించే జలాపుట్ జలాశయం కింద గిరిజన గ్రామాలు మునిగాయి. బొగ్గు పొగ లేని విద్యుత్తుకు కూడా భూమి, నిర్వాసం రూపంలో మూల్యం ఉంటుందనడానికి ఈ ప్రాంతంలో తొలి ఉదాహరణ ఇది. (చూ. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పథకం)

పారిశ్రామిక గిరాకీ. 1950ల దశకంలో గరివిడి వద్ద శ్రీరాంనగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఏర్పడింది. తరువాత బొబ్బిలి పారిశ్రామిక కేంద్రంలోనూ ఈ తరహా పరిశ్రమలు వెలిశాయి. మాంగనీసు వంటి ఖనిజాలను విద్యుత్ కొలిమిలో కరిగించి మిశ్రలోహం తీసే ఈ పరిశ్రమలో విద్యుత్తే ప్రధాన ముడిసరుకు వంటిది. ఒక టన్ను సిలికో మాంగనీసుకు సుమారు 4,000 యూనిట్లు ఖర్చవుతాయి. అందుచేత విద్యుత్ చార్జీలు పెరిగినప్పుడు, ‘పవర్ హాలిడే’ ప్రకటించినప్పుడు ఈ పరిశ్రమలు, వాటిపై ఆధారపడిన కార్మికులు ముందుగా దెబ్బతింటారు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు ఇటువంటి విరామం 2012-13 కొరత కాలంలోను, తిరిగి 2022 ఏప్రిల్‌లోను అమలైంది.

పంపిణీ వ్యవస్థ. రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. 1998 నాటి సంస్కరణల చట్టం తర్వాత 1999లో బోర్డును ఉత్పత్తి, సరఫరా సంస్థలుగా విడదీశారు. 2000లో ఏర్పడిన తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ విశాఖపట్నం కేంద్రంగా ఈ జిల్లాలకు విద్యుత్తు పంపిణీ చేస్తోంది. చీపురుపల్లి ప్రాంతంలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘం విడిగా పనిచేస్తూ వచ్చింది.

తీరప్రాంత బొగ్గు విద్యుత్ దశ. 2003 విద్యుత్ చట్టం బొగ్గు విద్యుత్ ఉత్పత్తికి లైసెన్సు అవసరం లేకుండా చేసింది. దాంతో ప్రైవేటు సంస్థలు తీరం వెంట భారీ కేంద్రాలను ప్రతిపాదించాయి. చల్లబరచడానికి సముద్రపు నీరు, దిగుమతి బొగ్గుకు ఓడరేవులు, ఒడిశా గనులకు రైలుమార్గం అందుబాటులో ఉండటం తీరాన్ని ఎంచుకోవడానికి కారణాలు. పొరుగున విశాఖపట్నం ప్రాంతంలో పరవాడ వద్ద ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రం 2002లో ఉత్పత్తి ప్రారంభించి, దశలవారీగా 2,000 మెగావాట్లకు చేరింది. ఒడిశాలోని తాల్చేరు బొగ్గు, సముద్రపు నీరు దీనికి ఆధారాలు. ఇదే నమూనాలో శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కాకరాపల్లి వద్ద ఒక్కొక్కటి 2,640 మెగావాట్ల కేంద్రాలకు ప్రతిపాదనలు వచ్చాయి.

ఇంధన వనరుల రకాలు

వంటచెరకు, జీవద్రవ్యం. పుల్లలు, పిడకలు, సరుగుడు కట్టె, కొబ్బరి కమ్మలు, డొక్కలు గ్రామీణ పొయ్యిలకు సంప్రదాయ ఇంధనాలు. రైసు మిల్లుల బాయిలర్లలో ఊకను, పలాస – కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో జీడిపిక్కల పెంకును మండిస్తారు. ఇవి స్థానికంగా దొరుకుతాయి కాబట్టి దిగుమతి బెడద లేదు. అయితే పొయ్యి పొగ వంటచేసే స్త్రీల ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పొగను తగ్గించే ఉద్దేశంతో ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాయి. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇచ్చే దీపం-2 పథకాన్ని 2024 నవంబరు 1న ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో ప్రారంభించారు. ఇంటి గాలిని శుభ్రపరిచే ఈ మార్పు వల్ల దిగుమతి గ్యాసు వాడకం పెరుగుతుంది. గృహ ఆరోగ్యానికి, జాతీయ స్వావలంబనకు మధ్య వైరుధ్యం ఇక్కడ కనిపిస్తుంది.

బొగ్గు. రాత్రి పగలు, ఎండ వాన తేడా లేకుండా నిరంతరం విద్యుత్తు ఇవ్వగలదు. గంధక, నత్రజని ఆక్సైడ్లు, సూక్ష్మ ధూళి, పాదరసం, బూడిద దీని ప్రధాన కాలుష్యాలు. భారతీయ బొగ్గులో బూడిద సాధారణంగా 30 నుంచి 45 శాతం ఉంటుంది.

సహజవాయువు. బొగ్గుతో పోలిస్తే దాదాపు సగం కర్బన ఉద్గారాలతో విద్యుత్తు ఇస్తుంది. ఉత్తరాంధ్రలో దీని వాడకం గొట్టపు మార్గాలపై ఆధారపడి ఉంది. కాకినాడ – విశాఖపట్నం – శ్రీకాకుళం, శ్రీకాకుళం – అంగుల్ మార్గాలను ఈ ఉద్దేశంతో రూపొందించారు.

అణుశక్తి. ఉత్పత్తి సమయంలో కర్బన ఉద్గారాలు ఉండవు. కొద్దిపాటి ఇంధనంతో దీర్ఘకాలం నడుస్తుంది. నిర్మాణ వ్యయం, వాడిన ఇంధనపు నిర్వహణ, ప్రమాద భయం, విస్తారమైన భూసేకరణ దీని ప్రతికూలతలు. శ్రీకాకుళం తీరపు ఇసుకలో గార్నెట్, ఇల్మనైట్‌తో పాటు థోరియం గల మోనజైట్ ఉంది. హోమీ భాభా రూపొందించిన మూడంచెల అణు కార్యక్రమంలో మూడో అంచెకు థోరియమే ఇంధనం. అందువల్ల ఈ తీరానికి దీర్ఘకాలిక ప్రాధాన్యం ఉంది. తీరపు ఇసుక తవ్వకం వల్ల ఇసుక దిబ్బలు తరుగుతాయన్నది దానిపై ఉన్న అభ్యంతరం.

సౌర, పవన శక్తి. ఇంధన ఖర్చు లేదు, పొగ లేదు. లభ్యత మాత్రం నిలకడగా ఉండదు. రాష్ట్రంలో పెద్ద సౌర, పవన కేంద్రాలు అనంతపురం, కర్నూలు వంటి రాయలసీమ జిల్లాల్లో కేంద్రీకృతమయ్యాయి. సింహాద్రి కేంద్రపు జలాశయంపై 2021లో 25 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు ఏర్పాటయ్యాయి. బొగ్గు కేంద్రపు ఆవరణలోనే సౌరవిద్యుత్తును జోడించిన నమూనా ఇది.

పంప్డ్ స్టోరేజి. ఎత్తులో ఒకటి, పల్లంలో ఒకటి చొప్పున రెండు జలాశయాలు ఉంటాయి. విద్యుత్తు మిగిలిన వేళ నీటిని పైకి తోడి, గిరాకీ ఎక్కువైన వేళ కిందికి వదిలి విద్యుత్తు తీస్తారు. ఖర్చుపెట్టిన విద్యుత్తులో సుమారు 75–80 శాతం తిరిగి వస్తుంది. సౌర, పవన విద్యుత్తును నిల్వచేసే బ్యాటరీలా ఇది పనిచేస్తుంది. పార్వతీపురం మన్యం జిల్లాలో కురుకుట్టి వద్ద 1,200, కర్రివలస వద్ద 1,000 మెగావాట్ల కేంద్రాలను రాష్ట్ర ప్రభుత్వం 2022లో అదానీ గ్రీన్ ఎనర్జీ సంస్థకు కేటాయించింది. జాతాపు, సవర, కొండదొర, గదబ తెగలు నివసించే ఈ కొండ ప్రాంతంలో అటవీ హక్కులు, గెడ్డల నీరు, గ్రామసభ సమ్మతి చర్చనీయాంశాలు.

పర్యావరణ వ్యయాన్ని లెక్కించే విధానం

వనరులను పోల్చడానికి ‘జీవితచక్ర ఉద్గారం’ అన్న కొలమానాన్ని వాడతారు. గనిలో తవ్వకం నుంచి కేంద్రాన్ని మూసివేసేవరకు వెలువడే వాయువులను, ఉత్పత్తయిన యూనిట్లతో భాగిస్తారు. వాతావరణ మార్పులపై అంతర్ప్రభుత్వ సంఘం 2014 నివేదికలోని మధ్యస్థ విలువల ప్రకారం ఒక యూనిట్ విద్యుత్తుకు కార్బన్ డయాక్సైడ్ సమానం ఇలా ఉంటుంది:

బొగ్గు: 820 గ్రాములు
సహజవాయువు: 490 గ్రాములు
పెద్ద సౌర కేంద్రాలు: 48 గ్రాములు
జలవిద్యుత్తు: 24 గ్రాములు
అణుశక్తి: 12 గ్రాములు
తీరభూమిపై పవనశక్తి: 11 గ్రాములు

ప్రతిపాదిత కేంద్రాల పరిమాణాన్ని ఒక అంచనాతో గ్రహించవచ్చు. 2,640 మెగావాట్ల కేంద్రం 80 శాతం సామర్థ్యంతో ఏడాది పొడవునా నడిస్తే సుమారు 1,850 కోట్ల యూనిట్లు ఉత్పత్తి అవుతాయి. యూనిట్‌కు 650 గ్రాముల దేశీయ బొగ్గు చొప్పున ఏటా సుమారు 1.2 కోట్ల టన్నుల బొగ్గు కావాలి. అందులో 35 శాతం బూడిద అనుకుంటే, 42 లక్షల టన్నుల బూడిదకు ఏటా చోటు చూపాలి. నాణ్యమైన దిగుమతి బొగ్గు వాడితే బూడిద తగ్గుతుంది, విదేశీ ఆధారం పెరుగుతుంది.

ఉద్గారాల లెక్కలో అన్ని వ్యయాలూ ఇమడవు. చిత్తడి నేల వరదను ఆపే గుణం, చేపల వేట, పక్షుల ఆవాసం, సముద్రంలోకి వదిలే వేడినీటి ప్రభావం విడిగా అంచనా వేయవలసినవి. ఇవి మార్కెట్ ధరలో ప్రతిఫలించవు కనుక అర్థశాస్త్రంలో వీటిని బాహ్య వ్యయాలు అంటారు.

సోంపేట

సోంపేట బీల ప్రాంతంలో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ ప్రతిపాదించిన బొగ్గు కేంద్రానికి రాష్ట్ర ప్రభుత్వం 2008లో 1107 నంబరు ఉత్తర్వు ద్వారా భూమి కేటాయించింది. 2009లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అనుమతి లభించింది. విద్యుత్ కొరత తీరడం, స్థానికంగా ఉపాధి, వెనుకబడిన జిల్లాకు పరిశ్రమ రావడం ప్రతిపాదనకు అనుకూలంగా చెప్పిన అంశాలు.

రైతులు, మత్స్యకారులు పర్యావరణ పరిరక్షణ సంఘం నాయకత్వంలో రిలే నిరాహార దీక్షలతో దీన్ని వ్యతిరేకించారు. నేల స్వభావం వివాదానికి కేంద్రమైంది. పత్రాల్లో నిరుపయోగమైన బంజరుగా చూపిన నేల, వాస్తవానికి ఎత్తిపోతలకు నీరిచ్చే, చేపలు పండే చిత్తడి అని స్థానికులు వాదించారు. కేంద్ర ప్రభుత్వ మాజీ విద్యుత్ కార్యదర్శి ఈ.ఎ.ఎస్. శర్మ ఈ వాదనను ప్రభుత్వాల దృష్టికి తెచ్చినవారిలో ఒకరు.

2010 జులై 14న పనులు మొదలుపెట్టే ప్రయత్నంలో ఘర్షణ జరిగి, పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ పర్యావరణ అనుమతిని రద్దుచేసింది. 2015లో రాష్ట్ర ప్రభుత్వం భూకేటాయింపు ఉత్తర్వును ఉపసంహరించింది. కేంద్రం నిర్మాణం కాలేదు. (చూ. బీల, చిత్తడి నేలలు)

కాకరాపల్లి

సంతబొమ్మాళి మండలంలో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ సంస్థ భావనపాడు థర్మల్ కేంద్రం పేరుతో రెండు దశల్లో 2,640 మెగావాట్లను ప్రతిపాదించింది. 2009లో పర్యావరణ అనుమతి పొందింది. దీని భూకేటాయింపు ఉత్తర్వు నంబరు 1108. ఈ ప్రాంతం నౌపడ ఉప్పు మడులకు, తంపర నేలలకు చేరువలో ఉంది. సమీపంలోని తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి గుడ్లు పెడతాయి.

తంపరను మట్టితో ఎత్తుచేస్తే వరదనీరు గ్రామాల మీదికి మళ్లుతుందని, చేపల వేట, ఉప్పు తయారీ దెబ్బతింటాయని వడ్డితాండ్ర, పరిసర గ్రామాల ప్రజలు దీక్షలు చేశారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ఇక్కడ కూడా ఇద్దరు మరణించారు. ఆ తర్వాత కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ పనుల నిలిపివేతకు ఆదేశించింది. సోంపేటకు భిన్నంగా ఇక్కడ నిర్మాణం కొంత జరిగింది. అయితే కేంద్రం ఉత్పత్తి దశకు చేరలేదు. అదే మండలంలో మూలపేట వద్ద ఓడరేవు నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.

కొవ్వాడ

రణస్థలం మండలం కొవ్వాడ తీరాన్ని 2009లో కేంద్ర ప్రభుత్వం అణు విద్యుత్ పార్కుకు సూత్రప్రాయంగా ఎంపికచేసింది. 2008 భారత్ – అమెరికా పౌర అణు ఒప్పందం దీనికి నేపథ్యం. మొదట జనరల్ ఎలక్ట్రిక్ – హిటాచి రియాక్టర్లను అనుకున్నారు. తరువాత గుజరాత్‌లోని మిఠీ విర్దికి ఉద్దేశించిన వెస్టింగ్‌హౌస్ సంస్థ ఏపీ-1000 రియాక్టర్లను ఇక్కడికి మార్చారు. 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు, మొత్తం 7,248 మెగావాట్లు ప్రతిపాదిత సామర్థ్యం. భారత అణువిద్యుత్ సంస్థ దీన్ని నిర్వహించవలసి ఉంది. భూసేకరణ 2,000 ఎకరాలకు పైబడినది. మత్స్యకార కుటుంబాల పునరావాసానికి ఎచ్చెర్ల మండలం ధర్మవరాన్ని ఎంచుకున్నారు.

అనుకూల వాదన ప్రకారం, ఇంత పరిమాణంలో నిరంతర, కర్బన రహిత విద్యుత్తును ఒకే చోట ఇవ్వగల వనరు మరొకటి లేదు. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు సామర్థ్యం సాధించాలని కేంద్రం 2025 బడ్జెట్‌లో లక్ష్యం ప్రకటించింది. ప్రతికూల వాదనలో 2011 ఫుకుషిమా ప్రమాదం, తుఫాను తీరం, వేట మైదానాలకు దూరమయ్యే మత్స్యకారుల ఉపాధి, పైడిభీమవరం పారిశ్రామికవాడ సామీప్యం ప్రస్తావనకు వస్తాయి.

వ్యయం, బాధ్యత అన్నవి మరో రెండు చిక్కులు. అమెరికాలోని జార్జియాలో ఇదే నమూనాతో కట్టిన వోగ్ల్ 3, 4 యూనిట్లు 2023, 2024లో ప్రారంభమయ్యేసరికి ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. వెస్టింగ్‌హౌస్ సంస్థ 2017లో దివాలా రక్షణ కోరింది. ప్రమాదం జరిగితే సరఫరాదారుపై కూడా పరిహారం కోసం వెళ్లే అవకాశాన్ని 2010 అణు నష్ట పౌర బాధ్యత చట్టం కల్పించింది. విదేశీ సరఫరాదారులు ఈ నిబంధనపై అభ్యంతరం తెలపడం ఒప్పందాల జాప్యానికి ఒక కారణమైంది. (చూ. అణుశక్తి, పునరావాసం)

తుఫానులు, సరఫరా భద్రత

ఉత్పత్తి చాలినంత ఉన్నా సరఫరా తెగిపోతే భద్రత ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో విద్యుత్ వ్యవస్థ కుప్పకూలింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు వేలాది విద్యుత్ స్తంభాలను నేలకూల్చింది. హుద్‌హుద్ అనంతరం విశాఖపట్నంలో ప్రపంచ బ్యాంకు సాయంతో భూగర్భ కేబుళ్లు వేశారు. తీరంలో నెలకొల్పే భారీ కేంద్రాలకు కూడా తుఫాను, ఉప్పెన, వరద ముప్పును ముందుగా అంచనా వేయవలసి ఉంటుంది.

చట్టాలు, నిర్ణయ ప్రక్రియ

విద్యుత్ పథకం ఒకటి అమలుకు రావాలంటే పలు అంచెల పరిశీలన దాటాలి.

పర్యావరణ ప్రభావ మదింపు: 1994లో ప్రకటనగా వచ్చి 2006లో సవరణ పొందింది. సంస్థ నివేదిక తయారుచేయడం, ప్రజాభిప్రాయ సేకరణ, నిపుణుల సంఘం పరిశీలన, అనుమతి ఇందులో దశలు.

తీరప్రాంత క్రమబద్ధీకరణ: 1991, 2011, 2019 ప్రకటనలు సముద్ర తీరాన నిర్మాణాలకు హద్దులు నిర్ణయిస్తాయి.

చిత్తడి నేలల నియమాలు: 2010లో మొదటిసారి, 2017లో మార్పులతో వచ్చాయి. గుర్తింపు పొందిన చిత్తడికే వీటి రక్షణ వర్తిస్తుంది. కనుక నేలను రికార్డుల్లో ఏ పేరుతో నమోదుచేశారన్నది నిర్ణాయకం.

గిరిజన హక్కులు: 1/70 భూబదలాయింపు నిబంధన, 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం కొండ ప్రాంత పథకాలకు వర్తిస్తాయి.

న్యాయ పరిశీలన: జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ స్థానంలో 2010 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఏర్పడింది.

ఉద్గార ప్రమాణాలు: బొగ్గు కేంద్రాలకు గంధక డయాక్సైడ్ పరిమితులను 2015 డిసెంబరులో ప్రకటించారు. గడువులు పలుమార్లు పొడిగించాక, 2025 జులైలో అత్యధిక కేంద్రాలకు గంధక నిర్మూలన యంత్రాల అమరిక నుంచి మినహాయింపు ఇచ్చారు. ఖర్చు, విద్యుత్ ధర ఒకవైపు, గాలి నాణ్యత మరొకవైపు ఉన్న ఈ నిర్ణయంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

ఇతర దేశాల విధానాలు

దేశాలు తమ సహజ వనరులు, చరిత్ర, ప్రజాభిప్రాయాన్ని బట్టి వేర్వేరు దారులు ఎంచుకున్నాయి. ఫ్రాన్స్ 1973 సంక్షోభం తర్వాత అణుశక్తి వైపు మళ్లి, విద్యుత్తులో దాదాపు మూడింట రెండు వంతులు దాని నుంచే పొందుతోంది. జర్మనీ 2023 ఏప్రిల్ 15న చివరి అణు రియాక్టర్లను మూసివేసింది. అంతకుముందు, 2022లో రష్యా గ్యాసు తగ్గినప్పుడు బొగ్గు కేంద్రాలను తాత్కాలికంగా తిరిగి తెరిచింది. జపాన్ ఫుకుషిమా తర్వాత రియాక్టర్లను ఆపి, దిగుమతి గ్యాసు, బొగ్గుపై ఆధారపడి, 2015 నుంచి కొన్నింటిని పునఃప్రారంభించింది. నార్వే విద్యుత్తు దాదాపు అంతా నీటి నుంచే. చైనా బొగ్గు వాడకంలోనూ, సౌర సామర్థ్యంలోనూ ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది.

భారతదేశం 2021లో గ్లాస్గో సదస్సులో 2070 నాటికి నికర శూన్య ఉద్గారాల లక్ష్యాన్ని ప్రకటించింది. స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరుల నుంచి ఉండాలన్న 2030 లక్ష్యాన్ని 2025లోనే చేరింది. అయితే వాస్తవ ఉత్పత్తిలో అధిక భాగం ఇంకా బొగ్గు నుంచే వస్తోంది. సామర్థ్యానికి, ఉత్పత్తికి మధ్య ఉన్న ఈ తేడాయే పంప్డ్ స్టోరేజి, అణుశక్తి ప్రతిపాదనలకు ప్రేరణ.

ప్రాముఖ్యత, చర్చనీయాంశాలు

ఈ జిల్లాల అనుభవం నుంచి ఇంధన విధాన అధ్యయనంలో కొన్ని అంశాలు ముందుకు వచ్చాయి. మొదటిది, లాభనష్టాల పరిధి. ఉత్పత్తయిన విద్యుత్తు గ్రిడ్ ద్వారా సుదూర నగరాలకు, పరిశ్రమలకు చేరుతుంది. బూడిద, ముంపు, నిర్వాసం మాత్రం కేంద్రం ఉన్న మండలంలోనే ఉంటాయి. రెండోది, నేల వర్గీకరణ. బీల, తంపర వంటి స్థానిక పదాలు సూచించే ఉపయోగాలకు రెవెన్యూ రికార్డులో సమానమైన పదం లేనప్పుడు, ఆ ఉపయోగాల విలువ మదింపులోకి రాదు. మూడోది, ప్రత్యామ్నాయపు వ్యయం. ఒక కేంద్రం ఆగితే గిరాకీ ఆగదు. ఆ లోటును వేరే చోటి బొగ్గో, నీరో, ఎండో పూడ్చాలి. ఫెర్రో అల్లాయ్స్ కార్మికుడికి కోతలేని కరెంటు ఎంత అవసరమో, తంపరలో వేటాడే వ్యక్తికి నీరు నిలిచే నేల అంతే అవసరం. నాలుగోది, స్వచ్ఛ ఇంధనానికి సంబంధించినది. జలాపుట్ నుంచి కురుకుట్టి వరకు, పొగలేని పథకాలు కూడా భూమి, అడవి, నీటిపై ఆధారపడినవే. అందువల్ల ఉద్గారాల లెక్కతో పాటు స్థల ఎంపిక, స్థానికుల సమ్మతి, పునరావాసం కూడా వనరుల పోలికలో భాగమవుతాయి.

ఇవి కూడా చూడండి

అణుశక్తి, ఉద్దానం, చిత్తడి నేలలు, జాతీయ హరిత ట్రిబ్యునల్, తేలినీలాపురం పక్షుల విడిది, నౌపడ ఉప్పు పరిశ్రమ, పంప్డ్ స్టోరేజి, పర్యావరణ ప్రభావ మదింపు, మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పథకం, సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం